రౌటర్లో పెద్దపీట ఎవరికి?

మొన్న పాత కంపెనీ ఫ్రెండొకడు ఫోన్ చేశాడు. "బాస్, రాత్రి కాల్స్‌లో వాయిస్ తెగిపోతోంది. టీవీకి రౌటర్లో లిమిట్ ఎంత పెట్టమంటావ్?" అని. కాల్ ఎందుకు తెగుతోంది అని కాదండీ ప్రశ్న, టీవీకి ఎంత పెట్టాలి అని. దొంగెవరో తేలిపోయింది, శిక్షెంతో చెప్పమంటున్నాడన్నమాట. ఆ టీవీ చూసేదెవరు అనడిగితే, "మా అమ్మ, ఆ టైములో ఇంకెవరు చూస్తారు" అన్నాడు.

నేనూ సరిగ్గా ఇదే వెధవపని చేసినవాణ్ణి కాబట్టి వాడి మీద కోపం రాలేదు. కోపం వచ్చింది ఈ సలహా మీద. మన ఐటీ జనాభాలో ఇదొక శాస్త్రంలా పాతుకుపోయింది. ఇంట్లో నెట్ నెమ్మదించిందా, రౌటర్ అడ్మిన్ పేజీలోకి వెళ్ళు, పరికరాల లిస్టు తియ్యి, నీ లాప్‌టాప్‌ని పైన కూర్చోబెట్టు, టీవీ పీక నొక్కు. ఈ ముక్క చెప్పే వీడియోలు కొల్లలు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో అయితే స్క్రీన్‌షాట్లతో సహా పంచిపెడతారు. నేననేది ఏంటంటే, ఈ సలహా సాంకేతికంగా చాలావరకు తప్పు. అంతకంటే ముఖ్యంగా, ఇంట్లో నోరెత్తనివాళ్ళ నెత్తిన పడే సలహా.

ముందు నా బాగోతం చెప్పుకుంటాను.

2021 ఆగస్టు. అప్పటికి ఏడాదిన్నరగా ఇంటినుంచే పని. మాది హైదరాబాద్‌లో ఒక మామూలు అపార్ట్‌మెంట్, లోకల్ ఆపరేటర్ దగ్గర 100 ఎంబీపీఎస్ ప్లాన్. కిందికి 100 నిజంగానే వచ్చేది, పైకి మాత్రం 20 దగ్గర ఆగిపోయేది. రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి అమెరికావాళ్ళతో కాల్. సరిగ్గా అదే టైముకి అమ్మ హాల్లో టీవీలో యాప్ పెట్టుకుని ఆ రోజు మిస్సయిన సీరియల్ చూస్తుంది. నా గొంతు రోబోలాగా వస్తోందని మేనేజరు రెండుసార్లు అన్నాడు. ఇంకేముంది, లోపలున్న నెట్‌వర్క్ నిపుణుడు నిద్రలేచాడు. అడ్మిన్ పేజీ తెరిచి టీవీకి 2 ఎంబీపీఎస్ లిమిట్ పెట్టేశాను. అక్కడే ప్రయారిటీ అని ఇంకో కాలమ్ ఉంటే నా లాప్‌టాప్‌కి హైయెస్ట్, మా ఆవిడ లాప్‌టాప్‌కి మీడియం, మిగతావాటికి లో ఇచ్చేశాను. మా ఆవిడ కూడా సాఫ్ట్‌వేరే, ఆవిడకీ కాల్సే. ఆవిడకి మీడియం ఎందుకిచ్చావు అని మీరడిగితే ఇప్పటికీ నా దగ్గర సమాధానం లేదు. చెయ్యి అలా వెళ్ళిపోయిందంతే.

2 ఎంబీపీఎస్ అంటే ఏమవుతుందో మీకు తెలుసు. నెట్‌ఫ్లిక్స్ వాడు తన సహాయ పేజీలో చెప్పే లెక్క ప్రకారం 720పీకి 3, 1080పీకి 5, 4కేకి 15 ఎంబీపీఎస్ కావాలి. మిగతా యాప్‌ల లెక్కలూ కాస్త అటూ ఇటూగా ఇంతే. 2కి కట్టేస్తే 43 అంగుళాల టీవీలో మొహాలు అలికినట్టు కనిపిస్తాయి. ఆగిపోదు, తిరుగుడు చక్రం రాదు, ఎర్రర్ రాదు. వచ్చే వేగాన్ని బట్టి క్వాలిటీని యాప్ తనే దించేసుకుంటుంది, ఎవరికీ చెప్పదు. కాబట్టి ఫిర్యాదు కూడా రాదు. అమ్మ ఏమనుకుందో తెలుసా? కంట్లో శుక్లం వస్తోందేమో అనుకుంది. "టీవీ మసగ్గా ఉంటోంది నాన్నా, ఓసారి కళ్ళ డాక్టరుకి చూపిస్తావా" అంది అక్టోబర్లో. తీసుకెళ్ళాను కూడా. ఆ డాక్టరు బొట్టు మందు వేసి, గంట కూర్చోబెట్టి, అంతా చూసి, "మీ వయసుకి చాలా బాగున్నాయమ్మా" అని పంపించేశాడు. వెనక్కి వచ్చేటప్పుడు కార్లో నాకు వెలగలేదు. పెట్టిన లిమిట్ సంగతే మర్చిపోయాను మరి.

వెలిగింది కార్తీకమాసంలో. అమ్మ విజయవాడ పిన్ని వాళ్ళింటికి వెళ్ళి రెండు వారాలు ఉంది. టీవీ ముట్టుకున్నవాడు లేడు. ఆ సోమవారం రాత్రి కాల్‌లో నా గొంతు మళ్ళీ రోబో! అప్పుడు కూర్చుని ఆలోచించాను, ఆగస్టులో చెయ్యాల్సిన ఆలోచన. టీవీ డేటాని కిందికి లాగుతుంది. నా గొంతు పైకి వెళ్ళాలి. ఈ రెండూ వేర్వేరు దారులు. రోడ్డుకి అవతలి పక్క ట్రాఫిక్ ఎక్కువుందని ఇవతలి పక్క జామయ్యిందా? జీతం తీసుకునేది ఇలాంటివి కనిపెట్టడానికి, ఇంట్లో మాత్రం ఆ మొదటి ప్రశ్నే వేసుకోలేదు.

పైకి పంపుతున్నది ఎవరో చూస్తే, నా ఫోనే. తొమ్మిదింటికి భోజనం చేసి ఫోన్ ఛార్జింగ్‌కి పెడతాను. వైఫై ఉంది, ఛార్జింగ్ ఉంది కాబట్టి ఫొటోల బ్యాకప్ మొదలు. ఆదివారం ఎక్కడికైనా వెళ్ళొస్తే సోమవారం రాత్రి 4కే వీడియోలు గిగాబైట్ల కొద్దీ క్లౌడ్‌కి. అందుకే సోమవారాలు మరీ ఘోరంగా ఉండేవి. ఎక్కడికీ వెళ్ళని వారాల్లో కాల్స్ బాగుండేవి, అది నేను పెట్టిన లిమిట్ మహిమ అనుకునేవాణ్ణి.

సరే, 20 ఎంబీపీఎస్ పైకి ఉన్నప్పుడు ఒక వీడియో కాల్‌కి ఏమొచ్చింది? దానికి కావాల్సింది రెండు మూడు ఎంబీపీఎస్సే కదా. ఇక్కడే అసలు కథ. సమస్య వెడల్పుది కాదు, క్యూది. ఆపరేటర్ పెట్టెలో పైకి పోయే దారిలో ఒక బఫర్ ఉంటుంది. ఉదాహరణకి అది 2 ఎంబీ అనుకోండి, అంటే 16 మెగాబిట్లు. 20 ఎంబీపీఎస్ దారిలో అది ఖాళీ కావడానికి 0.8 సెకను. ఫోన్ బ్యాకప్ ఆ బఫర్‌ని నింపి పెడుతుంది, నిండాకే ప్యాకెట్లు పడిపోతాయి, అప్పటిదాకా టీసీపీకి తను ఎక్కువ పంపుతున్నట్టు తెలీదు. నా గొంతు ప్యాకెట్ వెళ్ళి ఆ క్యూ చివర్న నిలబడుతుంది. నేను కొలిచి చూస్తే మామూలుగా 8 మిల్లీసెకన్లుండే పింగ్, బ్యాకప్ నడుస్తుంటే 800 దాటింది.

కరెంటు బిల్లు కౌంటర్ రోజులు గుర్తున్నాయా? మీరు ఒక్క బిల్లు పట్టుకుని వెళ్తారు. మీ ముందు ఒకే ఒక్క మనిషి. హమ్మయ్య అనుకుంటారు. తీరా చూస్తే ఆయనొక వాచ్‌మన్, చేతిలో అరవై ఫ్లాట్ల బిల్లులు. కౌంటర్‌లో గుమాస్తా ఎంత చురుగ్గా ఉన్నా మీరు అరవై అయ్యేదాకా ఆగాల్సిందే. ఇప్పుడు మన లిమిట్ సలహా ఎలాంటిదంటే, ఆ క్యూలో లేని ఒక ముసలావిడని వెతికి పట్టుకుని, ఇవాళ్టినుంచి నువ్వు రోజుకి రెండు బిల్లులే కట్టాలి అనడం. "ప్లాన్ పెంచుకో" అనే సలహా, ఇంకాస్త చురుకైన గుమాస్తాని పెట్టడం. వాచ్‌మన్ తొందరగా అయిపోతాడు నిజమే, రేపు నూట ఇరవై బిల్లులు తెస్తాడు.

దీనికి పేరుంది, బఫర్‌బ్లోట్. ఎక్స్ విండో సిస్టమ్ చేసినవాళ్ళలో ఒకరైన జిమ్ గెట్టీస్ 2010లో తన సొంతింటి కనెక్షన్ మీదే ఇది తవ్వి తీసి నలుగురికీ చెప్పాడు. 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జేకబ్సన్ కలిసి కోడెల్ అనే పద్ధతి ప్రచురించారు. క్యూ ఎంత పొడుగుందని కాకుండా ఒక ప్యాకెట్ అందులో ఎంతసేపు నిలబడిందో చూస్తుంది. నిరీక్షణ 5 మిల్లీసెకన్లకి మించి, 100 మిల్లీసెకన్ల పాటు అలాగే ఉంటే ప్యాకెట్‌ని పడేసి, పంపేవాడికి తగ్గు అని చెబుతుంది. దానికి ప్రతి ప్రవాహానికీ వేరే క్యూ కట్టి వంతులవారీగా తీసే పద్ధతిని కలిపితే ఎఫ్‌క్యూ-కోడెల్. వాచ్‌మన్ దగ్గర ఒక బిల్లు, మీ దగ్గర ఒక బిల్లు, మళ్ళీ వాచ్‌మన్ దగ్గర ఒకటి. ఇది 2012 నుంచీ లినక్స్ కెర్నెల్లో ఉంది. 2018 జనవరిలో ఆర్ఎఫ్‌సీ 8290గా వచ్చింది. ఇంకా మెరుగైన కేక్ అనేది 2018లోనే కెర్నెల్ 4.19లో చేరింది. దీని వెనక ఏళ్ళ తరబడి పోరాడిన డేవ్ టాట్ 2025 ఏప్రిల్లో పోయాడు. మన కాల్స్ తెగకుండా ఉండటానికి జీవితం ధారపోసిన మనిషి పేరు మనలో ఎంతమందికి తెలుసు చెప్పండి. ఇంటర్వ్యూల్లో మాత్రం టీసీపీకీ యూడీపీకీ తేడా ఏంటని అడుగుతాం.

పదేళ్ళు దాటినా చాలా రౌటర్ల అడ్మిన్ పేజీలో కనబడేది మాత్రం ఆ హై, మీడియం, లో కాలమే. పెట్టె మీద 'గేమింగ్ క్యూఓఎస్' అని ఎర్రక్షరాలు. ఎందుకంటే అది అమ్ముడుపోతుంది. ఎవర్నో పైన కూర్చోబెట్టి ఎవర్నో తొక్కే స్విచ్చు మనకి అధికారం ఇచ్చినట్టుంటుంది. అందరికీ వంతు వస్తుంది అనే స్విచ్చులో మజా ఏముంది?

ఆ కాలమ్ పనిచేసే తీరు కూడా అంతంతమాత్రం. పోర్టు నంబర్లు చూసి ఇది వీడియో, ఇది కాల్ అని గుర్తుపట్టే రోజులు పోయాయి. యూట్యూబ్ క్విక్ మీద యూడీపీ 443లో వస్తుంది, లోపలంతా ఎన్‌క్రిప్షనే. మ్యాక్ అడ్రస్ చూసి పెడదామా అంటే ఆండ్రాయిడ్ 10 నుంచీ, ఐఓఎస్ 14 నుంచీ ఫోన్లు నెట్‌వర్క్‌కో మారుపేరు పెట్టుకుంటున్నాయి. పెట్టె మీద రాసున్నదీ రౌటర్లో కనబడేదీ ఒకటి కాదు. పోనీ ఇవన్నీ దాటినా, క్యూ తయారయ్యేది ఆపరేటర్ పెట్టెలో అయినప్పుడు దాని వెనకున్న మీ రౌటర్లో ప్రయారిటీ పెట్టి ఏం లాభం? కౌంటర్ దగ్గర తొక్కిసలాట అవుతుంటే వీధి చివర్న టోకెన్లు పంచినట్టు ఉంటుంది. (కొందరు మేధావులు డబ్ల్యూఎంఎం కూడా ఆపేయమంటారు. చెయ్యకండి. అది ఆపితే వైఫై పాత 54 ఎంబీపీఎస్ కాలానికి పడిపోతుంది.)

లిమిట్ అసలు పనే చెయ్యదని నేననను. టీవీ కొన్ని సెకన్ల ముక్కల్ని ఒక్కో ఊపులో లాగుతుంది, ఆ ఊపులో లైనంతా తనే వాడేస్తుంది, కిందికి వచ్చే గొంతు ఒక క్షణం తడబడొచ్చు. లిమిట్ పెడితే ఆ ఊపు తగ్గుతుంది నిజమే. కానీ ఆ లిమిట్ మీ కాల్ లేనప్పుడూ ఉంటుంది. మధ్యాహ్నం రెండింటికి లైన్‌లో 98 ఎంబీపీఎస్ ఖాళీగా పడుంటే ఆవిడ మసక బొమ్మే చూడాలి. వంతులపద్ధతి అలా కాదు, పక్కవాడు లేనప్పుడు మొత్తం నీదే.

ఇక నాకు ఒళ్ళు మండే సంగతి. 2015 ఏప్రిల్లో మనమే కదండీ ట్రాయ్‌కి మెయిళ్ళు కొట్టింది? నెట్ న్యూట్రాలిటీ కోసం 10 లక్షలకి పైగా మెయిళ్ళు వెళ్ళాయి, మా టీమ్‌లో పంపనివాడు లేడు. ఏ ట్రాఫిక్‌కి పెద్దపీట వెయ్యాలో, ఏది తొక్కాలో ఆపరేటర్ నిర్ణయించడానికి వీల్లేదన్నాం. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ వివక్ష టారిఫ్‌లని నిషేధిస్తే స్వీట్లు పంచుకున్నాం. ఇంటికొచ్చి చేసిందేంటి? ఇంట్లో మనమే ఆపరేటర్లం. మన స్టాండప్ కాల్ గొప్పది, అమ్మ సీరియల్ చెత్త. ఈ తీర్పు ఎవరిచ్చారు? అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంటే వాళ్ళు.

2020 మార్చి లాక్‌డౌన్‌లో స్ట్రీమింగ్ కంపెనీలన్నీ కలిసి మొబైల్ నెట్‌వర్క్‌ల మీద హెచ్‌డీ ఆపేసి ఎస్‌డీ మాత్రమే ఇస్తామన్నాయి. ఏప్రిల్ 14 వరకు అని తేదీతో సహా చెప్పాయి, ఎందుకో చెప్పాయి, పేపర్లో వచ్చింది. నేను మా అమ్మకి అంత మర్యాద కూడా ఇవ్వలేదు. తేదీ లేదు, కారణం లేదు, చెప్పడమే లేదు.

"నా కాల్ వల్లే కదా ఇంటికి జీతం వచ్చేది" అంటారు. నిజమే, కాల్ తెగకూడదు. నేనూ అదే అంటున్నాను. కాల్‌కి కావాల్సింది రెండు మూడు ఎంబీపీఎస్‌లూ, ఆలస్యం లేని వరసా. ఆ రెండూ ఇవ్వడానికి ఇంకొకర్ని తొక్కాల్సిన పన్లేదు. ఇంకొందరు "పిల్లలు రాత్రంతా వీడియోలు చూస్తారు, అందుకే లిమిట్" అంటారు. పిల్లలకి చెప్పాల్సింది ఉంటే నోటితో చెప్పండి, బఫరింగ్‌తో కాదు. నెలకి ఇంత డేటా అని లెక్కున్నవాళ్ళు క్వాలిటీ తగ్గించాలనుకుంటే యాప్‌లోనే డేటా సేవర్ ఉంటుంది, చూసేవాళ్ళ ముందు కూర్చుని, వాళ్ళకి చెప్పి పెట్టండి.

నేను చేసింది చెప్తాను, కావాలంటే చేసి చూడండి. ముందు కొలవండి. ఒక పక్క పింగ్ నడుపుతూ ఇంకో పక్క స్పీడ్‌టెస్ట్ పెట్టండి, పింగ్ ఎంత ఎగురుతుందో చూడండి. ఊక్లా స్పీడ్‌టెస్ట్ కూడా లోడ్ ఉన్నప్పటి ఆలస్యాన్ని విడిగా చూపిస్తుంది. మ్యాక్ ఉన్నవాళ్ళకి 2021లో వచ్చిన మాంటరే నుంచీ టెర్మినల్లో నెట్‌వర్క్‌క్వాలిటీ అని ఒక కమాండే ఉంది. ఈ పరీక్ష తీగ మీద చెయ్యండి, వైఫై మీద కాదు. చాలా ఇళ్ళల్లో సగం జబ్బు వైఫైదే. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడని చానళ్ళు 1, 6, 11 అని మూడే, మన అపార్ట్‌మెంట్లలో ఒక గోడకి ఇరవై రౌటర్లు. టీవీ కదలదు కాబట్టి దానికి లాన్ తీగ లాగేయండి. చాలా టీవీల్లో ఆ పోర్టు 100 ఎంబీపీఎస్సే, అయినా 4కేకి బోలెడు. టీవీ గాల్లోంచి దిగిపోతే మిగతావాళ్ళకి గాలి ఆడుతుంది.

తర్వాత, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ నడిచే రౌటర్ ఒకటి ఆపరేటర్ పెట్టె వెనక పెట్టి ఎస్‌క్యూఎం అనే ప్యాకేజీ వేశాను. అందులో కేక్ ఎంచుకుని, కొలిచిన వేగంలో 90 శాతం ఇచ్చాను, కిందికి 90, పైకి 18. ఆ పది శాతం పోగొట్టుకోవడం మనవాళ్ళకి ప్రాణం పోయినట్టుంటుంది. కట్టిన డబ్బుకి స్పీడ్‌టెస్ట్‌లో పూర్తి అంకె కనబడాలి కదా! కానీ కిటుకంతా అక్కడే. క్యూ ఆపరేటర్ పెట్టెలో కాకుండా మీ వరండాలో తయారవ్వాలి, అప్పుడే దాన్ని మీరు సరిచెయ్యగలరు. కేక్‌లో ఇంకో సదుపాయం, వాటాలు ప్రవాహానికి కాకుండా మనిషికి, అంటే పరికరానికి పంచుతుంది. డ్యూయల్-ఎస్ఆర్‌సీహోస్ట్, డ్యూయల్-డీఎస్‌టీహోస్ట్, వాటితోపాటు నాట్ అని ఆప్షన్లుంటాయి. నా లాప్‌టాప్ ముప్ఫై కనెక్షన్లు తెరిచినా, టీవీ రెండే తెరిచినా, వాటా సమానం.

ఒక చిక్కు ఉంది. ఈ పనంతా రౌటర్ సీపీయూ చెయ్యాలి, హార్డ్‌వేర్ ఆఫ్‌లోడ్ ఆపాల్సి వస్తుంది. చౌక రౌటర్లు 300 ప్లాన్ల మీద ఆయాసపడతాయి. అలాంటప్పుడు పైకి వెళ్ళేదారికి మాత్రమే ఎస్‌క్యూఎం పెట్టండి, అసలు జబ్బు ఎక్కువగా అక్కడే, భారమూ తక్కువ. రౌటర్ మార్చడం ఇష్టం లేదంటే, ఫోన్ బ్యాకప్‌ని పడుకునేముందు పెట్టుకోండి. పైసా ఖర్చు లేదు.

నాకు ఆ రాత్రి నుంచి బ్యాకప్ పూర్తి వేగంలో నడుస్తున్నా పింగ్ 20 దాటలేదు. పాత రూల్స్ చెరిపేద్దామని పాత రౌటర్ పేజీ తెరిచిపెట్టి మంచినీళ్ళకి లేచాను. వచ్చేసరికి మా ఆవిడ స్క్రీన్ ముందు నిలబడి చదువుతోంది. "మీది హైయెస్టూ, నాది మీడియమా?" అంది. అంతకంటే ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

అమ్మకి మాత్రం నేనే చెప్పాను, విజయవాడ నుంచి వచ్చాక. బ్యాండ్‌విడ్త్ అంటే అర్థం కాదులే అని "టీవీలో బొమ్మ నేనే తగ్గించానమ్మా, నా ఆఫీసు కోసం" అన్నాను. ఒక నిమిషం చూసి, "ముందే చెప్తే కట్టేసేదాన్ని కదరా, కళ్ళ డాక్టరుకి డబ్బులు ఎందుకు తగలెయ్యడం" అంది.

ఫ్రెండ్‌కి ఇంత చెప్పలేదు. ఇవాళ రాత్రి టీవీ అలాగే నడవనిచ్చి, నీ ఫోన్ ఛార్జింగ్ పీకేసి, బ్యాకప్ ఆపి కాల్‌లో కూర్చో, రేపు మాట్లాడదాం అన్నాను.